కార్డా, పాలసీనా, రెండూనా: ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, ప్రైవేటు ఆరోగ్య బీమా మధ్య ఎంచుకోవడం ఎలా

కార్డు మీద 10 లక్షలు, 25 లక్షలు అని రాసి ఉంటే ఏటా పాతిక వేల ప్రీమియం కట్టడం దండగ అంటారు కొందరు. ప్రభుత్వ కార్డు పట్టుకెళ్తే పెద్దాసుపత్రి వాళ్లు పట్టించుకోరు, పాలసీయే దిక్కు అంటారు ఇంకొందరు. ఇద్దరూ అంకె చూసే మాట్లాడుతున్నారు. ఆసుపత్రిలో చేరిన రోజు మాత్రం అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. ఈ జబ్బు జాబితాలో ఉందా? ఈ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా? ఉంటే ఇవాళ అక్కడ ఆ సేవ నడుస్తోందా? వీటికి జవాబు రాకపోతే 25 లక్షలైనా 2 లక్షలైనా ఒకటే.

ఎంచుకునే ముందు ఏవి చూడాలో చెప్పుకుని, తర్వాత ఒక్కొక్కటీ చూద్దాం.

## ముందు ఈ ఆరు విషయాలు

చికిత్సల జాబితా. ప్రభుత్వ పథకాల్లో జాబితాలో ఉన్న చికిత్సకే డబ్బు వస్తుంది. ప్రైవేటు పాలసీ తీరు దీనికి తలకిందులు. మినహాయింపుల్లో లేని ప్రతి చేరికకూ డబ్బు వస్తుంది.

గంట ప్రయాణంలో ఉన్న ఆసుపత్రి. రాష్ట్రంలో ఎన్ని వందల నెట్‌వర్క్ ఆసుపత్రులున్నా మీకు పనికొచ్చేవి రెండో మూడో. గుండెపోటుకు ఒకటి, ప్రమాదానికి ఒకటి, క్యాన్సర్‌కు ఒకటి పేర్లు రాసుకుని, అవి ఏ పథకంలో ఉన్నాయో అడగండి.

పాత జబ్బులు. ఇంట్లో షుగర్, బీపీ, థైరాయిడ్, స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఎవరెవరున్నారు?

ఆసుపత్రి బయట ఖర్చు. నెల నెలా మందులు, రక్త పరీక్షలు, స్కానింగ్‌లు, తోడుండే మనిషి తిండి, పోయిన కూలి. మామూలు ఇళ్లలో అప్పు ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

గది. జనరల్ వార్డు చాలా, సింగిల్ రూమ్ కావాలా అని ఇంట్లో ముందే తేల్చుకోండి. బిల్లు ఎంత పెరుగుతుందో ఈ ఒక్క నిర్ణయం మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

60 దాటాక సంగతి. ఇవాళ చవగ్గా ఉన్నది అప్పుడు అందుబాటులో ఉంటుందా?

## అసలు ఖర్చు ఎవరు భరిస్తున్నారు

"ప్రభుత్వానిది ఉచితం, ప్రైవేటుది ఖరీదు" అనేది సగం నిజమే. రెండింటికీ డబ్బు మన దగ్గర నుంచే వెళ్తుంది. ఒకటి పన్ను దారిలో, ఇంకొకటి ప్రీమియం దారిలో.

ప్రీమియం దారి చూద్దాం. కమీషన్లు, జీతాలు, ప్రకటనలు, ఆఫీసు అద్దెలు అన్నీ కలిపి సాధారణ బీమా కంపెనీలు వసూలు చేసిన ప్రీమియంలో 30 శాతం దాకా, ఆరోగ్య బీమా మాత్రమే చేసే కంపెనీలు 35 శాతం దాకా ఖర్చు పెట్టుకోవచ్చని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పరిమితి పెట్టింది. 2023-24లో ఆరోగ్య బీమా మాత్రమే చేసే కంపెనీలు ప్రతి 100 రూపాయల ప్రీమియానికి క్లెయిమ్‌ల కింద ఇచ్చింది దాదాపు 65 రూపాయలు. ప్రభుత్వ రంగ కంపెనీల్లో అది 100 దాటింది. అంతమాత్రాన మొదటివాళ్లు దొంగలు, రెండోవాళ్లు దాతలు అనుకోకండి. ప్రభుత్వ రంగ కంపెనీల దగ్గర పెద్ద సంస్థల గ్రూప్ పాలసీలు ఎక్కువ, వాటిలో క్లెయిమ్‌లూ ఎక్కువే. ఆరోగ్య బీమా కంపెనీలకు విడి కుటుంబాలు, చిన్న వయసువాళ్లు ఎక్కువ. అయినా విడిగా పాలసీ కొనేవాడు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. తను కట్టిన ప్రీమియంలో మూడో వంతు దాకా ఆసుపత్రి ముఖం చూడకుండానే ఖర్చైపోవచ్చు.

ప్రభుత్వ దారిలో ఏజెంటు కమీషన్ లేదు. కోటి కుటుంబాల తరఫున ఒకే కొనుగోలుదారు బేరమాడుతాడు కాబట్టి ఆపరేషన్ రేటు బాగా తగ్గుతుంది. ఈ ఆదా మరో రూపంలో మన మెడకే చుట్టుకుంటుంది. రేటు మరీ తక్కువైతే ఆసుపత్రి ఆ చికిత్సకు మంచాలు తగ్గిస్తుంది. బిల్లులు నెలల తరబడి ఆగితే సేవలే ఆపేస్తుంది. 2025లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు నిలిపేశాయి. ఆ వారాల్లో ఆపరేషన్ తేదీ ఉన్న రోగికి కార్డు మీద అంకె ఏం పనికొస్తుంది?

అలాగని పన్ను దారిని తీసిపారేయలేం. దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం సొంత జేబు నుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండేది. 2021-22కల్లా అది 39.4 శాతానికి దిగింది. అదే ఏడాది ప్రభుత్వాల ఖర్చు దేశ స్థూలోత్పత్తిలో 1.84 శాతం. 2025కల్లా 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న లక్ష్యం. బకాయిల గొడవలకు మూలం ఈ తేడాలోనే ఉంది. కార్డులు ఇచ్చినంత వేగంగా బడ్జెట్ పెరగలేదు.

## ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ

2007 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు ఆరోగ్యశ్రీ పరిమితి లక్షన్నర, దానికి అదనంగా మరో 50 వేలు. మొదట్లో ప్రైవేటు బీమా కంపెనీకి ప్రీమియం కట్టి నడిపారు, తర్వాత పథకం కోసం ప్రభుత్వం పెట్టిన ట్రస్టే ఆసుపత్రులకు నేరుగా చెల్లించడం మొదలైంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. 2024లో చికిత్సల సంఖ్య 1,835కు పెంచి, ప్యాకేజీ రేట్లూ (ఒక్కో చికిత్సకు ముందే కట్టిన మొత్తం) సవరించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలైంది, జాబితాలో 3,257 చికిత్సలున్నాయి. 2024లో ప్రభుత్వం మారాక పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ యూనివర్సల్ హెల్త్ పాలసీకి ఆమోదం తెలిపింది. మొదటి రెండున్నర లక్షలు బీమా కంపెనీ, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు భరించే పద్ధతి. అంటే తిరిగి తిరిగి 2007 నాటి బీమా దారికి కొంత వచ్చాం. ట్రస్టు బిల్లు ఆలస్యం చేస్తుందనేది పాత బాధ. బీమా కంపెనీ కొర్రీలు పెడుతుందనేది కొత్త భయం. ఏది పెద్దదో చెల్లింపుల తీరే చెబుతుంది.

బలం ఎక్కడంటే, పాత జబ్బులకు ఇన్నాళ్లు ఆగాలన్న నిరీక్షణ షరతు లేదు. ఇవాళ పేరు నమోదైతే పదేళ్ల షుగర్ ఉన్న మనిషికి రేపు బైపాస్ చేయించవచ్చు. వయసు పరిమితి లేదు. డయాలసిస్, కీమోథెరపీ, రేడియేషన్, గుండె ఆపరేషన్లు, వెన్నెముక, నరాల ఆపరేషన్ల లాంటి పెద్ద ఖర్చులకు దీనికి సాటివచ్చే పాలసీ మామూలు కుటుంబం కొనలేదు. డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి, కొన్ని చికిత్సలకు ఫాలో-అప్ ప్యాకేజీ కూడా ఉంది.

బలహీనత అడుగున ఉంది. డెంగీ జ్వరానికి ఊళ్లో ఉన్న 20 మంచాల నర్సింగ్ హోమ్‌లో నాలుగు రోజులు పడుకుంటే ఆ నర్సింగ్ హోమ్ నెట్‌వర్క్‌లో లేకపోవచ్చు. కొన్ని ఆపరేషన్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేయించుకుంటేనే పథకం వర్తిస్తుంది. అన్నింటికన్నా ముఖ్యం, ఇది నగదు రహిత పథకం. ముందు చేతి డబ్బు కట్టేసి, తర్వాత బిల్లులు పెట్టుకుందాం అంటే కుదరదు.

కార్డు మీద చేరేటప్పుడు వరస ఇదీ:

1. ఆసుపత్రిలో నగదు కౌంటర్ దగ్గరకు వెళ్లకముందే ఆరోగ్యమిత్ర (పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే సహాయకులు) డెస్క్‌కు వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో వైద్యమిత్ర. కార్డు లేదా రేషన్ కార్డు, రోగి ఆధార్ చాలు.
2. డాక్టరు చూసి జబ్బు తేల్చాక, అది ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో, ఆ స్పెషాలిటీ ఈ ఆసుపత్రికి ఉందో లేదో మిత్రను అడగండి. ఒకే ఆసుపత్రికి కార్డియాలజీ ఉండి ఆర్థోపెడిక్స్ లేకపోవచ్చు.
3. పరీక్షల రిపోర్టులు, ఫొటోతో ముందస్తు అనుమతికి పంపుతారు. అత్యవసరమైతే ఫోన్‌లో అనుమతి తీసుకునే వీలుంది. "అనుమతి వచ్చేదాకా కట్టండి, తర్వాత ఇస్తాం" అంటే ఎంత, ఎందుకు అని రసీదు మీద రాయించుకోండి.
4. అనుమతి వచ్చాక అదనంగా డబ్బు అడిగితే అక్కడి నుంచే 104కు ఫోన్ చేయండి. డిశ్చార్జి అయ్యాక చేసే ఫిర్యాదుకు అంత బలం ఉండదు.

కార్డు పనిచేయకుండా పోవడానికి మామూలు కారణాలు చిన్నవే. కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండటం, పుట్టిన బిడ్డ పేరు చేర్చకపోవడం, ఆధార్‌లో ఒక పేరు కార్డులో మరో పేరు ఉండటం. ఇవన్నీ మంచాన పడ్డాక కాదు, పండగకు ఊరెళ్లినప్పుడు సరిచూసుకోవాల్సినవి. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు మరో సౌకర్యం ఉంది. ఎంపిక చేసిన సూపర్ స్పెషాలిటీ చికిత్సలకు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆసుపత్రుల్లో కూడా 2019 నవంబరు నుంచి అవకాశం ఇచ్చారు. అనంతపురం, చిత్తూరు జిల్లాల వాళ్లకు ఇది చాలా పెద్ద మేలు.

## 70 దాటినవాళ్లకు వయ వందన

2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయం ఎంతైనా, కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ కింద వయ వందన కార్డుతో ఏడాదికి 5 లక్షల కవరేజీ. రిటైరైన హెడ్‌మాస్టరుకూ, పదెకరాల రైతుకూ వర్తిస్తుంది. ఆధార్‌లో ఉన్న వయసే ప్రమాణం. పుట్టిన తేదీ తప్పుంటే ముందు అది దిద్దించుకోవాలి. ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. ప్రైవేటు పాలసీ, ఈఎస్‌ఐ (తక్కువ జీతం ఉద్యోగుల బీమా) ఉన్నా తీసుకోవచ్చు. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు మాత్రం రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి, చాలామందికి పాతదే మేలు. చేరికకు ముందు 3 రోజులు, తర్వాత 15 రోజుల ఖర్చు ప్యాకేజీలో ఉంటుంది. గది జనరల్ వార్డే. సందేహాలకు 14555.

ఖర్చేమీ లేదు కాబట్టి ఇందులో ఆలోచించాల్సిందీ ఏమీ లేదు. తీసుకుని పెట్టుకోండి.

## ఈఎస్‌ఐ

జీతం 21,000 దాటని ఉద్యోగికి కంపెనీ 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడతారు. అంటే 20,000 జీతగాడికి నెలకు కోత 150 రూపాయలు. ఈ 150కి వచ్చేదాన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. ఇక్కడ చెప్పుకుంటున్న వాటిలో డిస్పెన్సరీ నుంచి నెల నెలా మందులు ఇచ్చేదీ, జబ్బుతో పనికి పోలేని రోజులకు జీతంలో 70 శాతం ఏడాదికి 91 రోజుల దాకా ఇచ్చేదీ ఇదొక్కటే. ఆధారపడిన తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. సనత్‌నగర్ లాంటి పెద్ద ఈఎస్‌ఐ ఆసుపత్రులు దగ్గర్లో ఉన్నవాళ్లకు నిజంగా బంగారమే. డిస్పెన్సరీ 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు మాత్రం ఆ 150 కోతగానే మిగులుతుంది.

జీతం 21,000 దాటితే ఆ ఆరు నెలల చందా కాలం పూర్తయ్యేదాకా కవరేజీ నడుస్తుంది, తర్వాత ఆగిపోతుంది. ఆ రోజు కొత్త పాలసీ కొంటే నిరీక్షణ కాలం మొదటి నుంచి లెక్క. అందుకే జీతం 18,000 దాటగానే చిన్న పాలసీ ఒకటి మొదలుపెట్టడం లాభం. జీతం గీత దాటేసరికి నిరీక్షణలో కొంత కరిగిపోయి ఉంటుంది.

## సొంత పాలసీ

పాలసీ కొనేటప్పుడు అందరూ ప్రీమియం, మొత్తం కవరేజీ చూస్తారు. చూడాల్సినవి లోపలి పేజీల్లో ఉంటాయి.

నిరీక్షణ కాలాలు. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు. కంటి శుక్లం, హెర్నియా, కిడ్నీలో రాళ్లు, మోకాలి మార్పిడి, గర్భసంచి తొలగింపు లాంటివాటికి మామూలుగా రెండేళ్లు ఆగాలి. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు. 2024కు ముందు ఇది 48గా ఉండేది.

గది అద్దె పరిమితి. ఎక్కువమంది చేయి కాలేది ఇక్కడే. కవరేజీ 5 లక్షలు, గదికి రోజుకు ఒక శాతం, అంటే 5,000 పరిమితి అనుకుందాం. 8,000 గదిలో 4 రోజులు ఉన్నారు.

| బిల్లులో పద్దు | ఆసుపత్రి వేసింది | కంపెనీ ఇచ్చేది |
|---|---|---|
| గది, 4 రోజులు | 32,000 | 20,000 |
| సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ | 1,60,000 | 1,00,000 |
| మందులు, ఇంప్లాంట్, పరీక్షలు | 60,000 | 60,000 |
| గ్లౌజులు, రిజిస్ట్రేషన్ వగైరా | 8,000 | 0 |
| మొత్తం | 2,60,000 | 1,80,000 |

రోజుకు 3,000 తేడాయే కదా, నాలుగు రోజులకు 12,000 పోతే పోనీ అనుకుని ఆ గది తీసుకుంటారు. పోయేది 80,000. సర్జన్ ఫీజు, థియేటర్ ఖర్చు గది స్థాయిని బట్టి పెరుగుతాయి గనుక కంపెనీ వాటినీ ఎనిమిదింట అయిదు వంతులకు కోస్తుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదు, ఐసీయూ ఛార్జీల మీదా వేయకూడదు. వేస్తే నిలదీయండి. గది పరిమితి లేని పాలసీకి ప్రీమియం కొంత ఎక్కువైనా అదే కొనండి.

కో-పేమెంట్. ప్రతి బిల్లులో 10 లేదా 20 శాతం మీరు కట్టాలని షరతు. కొన్ని కంపెనీలు ఊరిని బట్టి కూడా పెడతాయి. ఖమ్మం చిరునామాతో తక్కువ ప్రీమియానికి కొన్న పాలసీ మీద హైదరాబాద్‌లో చేరితే కొంత శాతం మీ నెత్తిన పడవచ్చు. పెద్ద చికిత్సలకు జిల్లాల వాళ్లు వెళ్లేది హైదరాబాద్, విజయవాడ, విశాఖలకే కాబట్టి ఈ షరతు ఉందేమో తప్పక చూడండి.

ప్రీమియం పెరుగుదల. ఇవాళ 25,000 కట్టే కుటుంబానికి ఏటా 10 శాతం పెరిగితే ఏడేళ్లకు దాదాపు రెట్టింపు. ఇరవై ఏళ్లలో కట్టే మొత్తం 14 లక్షల పైచిలుకు. 60 దాటినవాళ్ల ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో నిబంధన వచ్చింది. విడి పాలసీలు, కుటుంబ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తీసేశారు, గ్రూప్ పాలసీలకు ఆ మినహాయింపు లేదు. ప్రీమియం మీద వచ్చే 80డీ పన్ను రాయితీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలోకి మారినవాడికి ఏజెంటు ఆ ఆశ చూపిస్తే నమ్మకండి.

దాచిన జబ్బు. క్లెయిమ్ తిరస్కరణలకు ఇదొక పెద్ద కారణం. ఫారంలో షుగర్ లేదని రాసి, క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు అడిగితే "ఎప్పటి నుంచో ఉందండీ" అని చెబుతారు. అది కేస్ షీట్‌లో ఎక్కుతుంది. కంపెనీ మొదట తెప్పించుకునేది ఆ కాగితమే. ఏజెంటు "రాయక్కర్లేదు, ప్రీమియం పెరుగుతుంది" అంటే, క్లెయిమ్ రోజున ఆయన పక్కన ఉండడని గుర్తుంచుకుని అన్నీ రాయండి. 60 నెలలు ఆపకుండా కట్టాక, మోసమని రుజువు చేస్తే తప్ప, దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమ్ కొట్టేయలేదు.

అన్నీ పోల్చి చూసే ఓపిక లేనివాళ్లకు ఆరోగ్య సంజీవని ఉంది. ఏ కంపెనీలో కొన్నా షరతులు ఒకటే, 5 శాతం కో-పేమెంట్, గదికి కవరేజీలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5,000. జిల్లా కేంద్రాల్లో ఇది బాగా సరిపోతుంది, హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులకు ఆ 5,000 చాలదు.

## టాప్-అప్, సూపర్ టాప్-అప్

ఇవి ఖర్చు ఒక మొత్తం దాటాకే పనిచేసే అదనపు పాలసీలు. పేర్లు ఒకేలా ఉన్నా తేడా పెద్దది. రెండింటికీ 5 లక్షల మినహాయింపు, అంటే అంతదాకా కంపెనీ ఏమీ ఇవ్వదు అనుకోండి. ఏడాదిలో ఒకసారి 3 లక్షలు, ఇంకోసారి 4 లక్షల బిల్లు వచ్చింది. టాప్-అప్ ఒక్కో బిల్లునూ విడిగా చూస్తుంది, ఏదీ 5 దాటలేదు గనుక పైసా రాదు. సూపర్ టాప్-అప్ రెండూ కలిపి 7 లక్షలుగా లెక్కించి 2 లక్షలు ఇస్తుంది. కొంటే రెండోదే కొనండి.

"నాకు ఆరోగ్యశ్రీ 10 లక్షలుంది, పైన చవగ్గా సూపర్ టాప్-అప్ పెట్టుకుంటా" అన్న ఆలోచన కాగితం మీద బాగుంటుంది. కార్డు మీద చేసిన చికిత్సకు ప్యాకేజీ లెక్కే ఉంటుంది, పద్దుల వారీ బిల్లు మీ చేతికి రాదు. మినహాయింపు దాటిందని కంపెనీకి చూపించడానికి కాగితం ఉండదు. పైగా కార్డు వర్తించని నర్సింగ్ హోమ్ బిల్లు 60,000 అయితే సూపర్ టాప్-అప్ దాని జోలికే రాదు. కార్డుకు చిల్లు అడుగున ఉంటే దానికి పైన మూత పెట్టి ప్రయోజనం లేదు.

కంపెనీ గ్రూప్ పాలసీ ఉన్న ఉద్యోగి సంగతి దీనికి తలకిందులు. ఆయనకు చిన్న బిల్లులు మొదటి రోజు నుంచీ వస్తాయి, చాలనిది పైన. సూపర్ టాప్-అప్ పుట్టింది ఆయన కోసమే.

## పక్కపక్కన పెడితే

| అంశం | ఆరోగ్యశ్రీ / వైద్య సేవ | ఈఎస్‌ఐ | కంపెనీ గ్రూప్ పాలసీ | సొంత పాలసీ |
|---|---|---|---|---|
| మీ జేబు నుంచి | ఏమీ లేదు | జీతంలో 0.75 శాతం | చాలాచోట్ల కంపెనీదే, తల్లిదండ్రులకు మీది | ఏటా ప్రీమియం |
| పాత జబ్బులు | మొదటి రోజు నుంచి | మొదటి రోజు నుంచి | ఎక్కువగా మొదటి రోజు నుంచి | 36 నెలల దాకా ఆగాలి |
| నెలవారీ మందులు | లేదు | ఉంది | అరుదు | అరుదు |
| జాబితాలో లేని చికిత్స | రాదు | సొంత ఆసుపత్రుల్లో చేస్తారు | వస్తుంది | వస్తుంది |
| ఏది తెగితే పోతుంది | అర్హత, బకాయిల గొడవ | జీతం 21,000 దాటితే | ఉద్యోగం మారితే | ప్రీమియం ఆపితే |

## ఎవరికి ఏది

కూలి, ఆటో, చిన్న కమతం మీద బతికే ఇల్లు. కార్డు సరిచూసుకోండి, పాలసీ కొనకండి. ఏటా 12,000 ప్రీమియం కట్టే శక్తి ఉందనిపిస్తే నెలకు 1,000 పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మీ అప్పు ఆపరేషన్‌తో రాదు. స్కానింగ్‌తో, మందులతో, పోయిన కూలితో వస్తుంది. వాటికి పాలసీలు చాలావరకు డబ్బివ్వవు, చేతిలో ఉన్న నగదే ఆదుకోవాలి. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి.

కార్డు ఉంది, నెలకు కొంత మిగులుతోంది. ప్రైవేటు స్కూలు టీచరు, కిరాణా కొట్టు, చిన్న మెకానిక్ షెడ్డు. పెద్ద జబ్బులకు కార్డును నమ్ముకోండి. దగ్గరి ఆసుపత్రి మధ్యతరహా బిల్లుల కోసం 5 లక్షల మామూలు కుటుంబ పాలసీ కొనండి. 25 లక్షల పాలసీ మీకు అనవసరం, ఆ ఎత్తు కార్డుకు ఉంది. అమ్మానాన్నలను అదే పాలసీలో చేర్చకండి. ఇంట్లో అందరికన్నా పెద్దవారి వయసు మీదే మొత్తం ప్రీమియం లెక్కకడతారు.

కార్డు లేని ఉద్యోగి, కంపెనీ పాలసీ 5 లక్షలు. 35 దాటేలోపే సొంత పాలసీ ఒకటి పెట్టుకోండి. కంపెనీ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది, 48 ఏళ్ల వయసులో బీపీ మాత్రలతో బజారుకు వెళ్తే రేటు వేరు. డబ్బు ఇబ్బందైతే మొదట సూపర్ టాప్-అప్. ఉద్యోగం మానేసేటప్పుడు గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ విడి పాలసీలోకి మారే వీలుంటుంది, పాత కాలం నిరీక్షణలో కలుస్తుంది. చివరి పని దినానికి ముందే దరఖాస్తు పెట్టండి.

60 నుంచి 69 మధ్య తల్లిదండ్రులు, కార్డు లేదు. అందరికన్నా ఇరుకున పడేది వీళ్లే. వయ వందనకు వయసు చాలదు, ప్రైవేటు ప్రీమియం భారం. 65 దాటితే పాలసీ ఇవ్వం అనే పాత అడ్డు 2024లో పోయింది కానీ ధర పోలేదు. ఇక్కడ 20 శాతం కో-పేమెంట్ ఉన్న పాలసీ తీసుకోవడం తప్పేమీ కాదు. 3 లక్షల బిల్లుకు 60,000 మన చేత్తో కట్టడం, మొత్తం 3 లక్షలు కట్టడం కన్నా నయమే. 67 దాటి, పాత జబ్బులున్నవాళ్లు మాత్రం లెక్క వేసుకోండి. 36 నెలల నిరీక్షణ ముగిసేసరికి 70 వచ్చేస్తుంది. అప్పటిదాకా ఆ ప్రీమియం డబ్బు బ్యాంకులో వేసుకుని, కార్డు రాగానే తీసుకోవడమే మేలు కావచ్చు.

పిల్లలు అమెరికాలోనో దుబాయ్‌లోనో, పెద్దవాళ్లు ఊళ్లో. డబ్బు కొరత ఉండదు, మనిషి కొరత ఉంటుంది. అందుకే రీయింబర్స్‌మెంట్ (ముందు కట్టి తర్వాత రాబట్టుకోవడం) మీద ఆధారపడే పాలసీ వద్దు. ఊరికి దగ్గరున్న రెండు ఆసుపత్రుల్లో నగదు రహిత సేవ ఉన్నదే కొనండి. అర్ధరాత్రి బీమా డెస్క్ దగ్గర నిలబడే బంధువు ఎవరో ముందే తేల్చి, ఆయన ఫోన్‌లో పాలసీ కాపీ పెట్టండి.

## మాట వస్తే, గొడవ వస్తే

ప్రైవేటు పాలసీలో నగదు రహిత అనుమతి అడిగిన గంటలో కంపెనీ జవాబివ్వాలి. డిశ్చార్జి అనుమతి 3 గంటల్లో ఇవ్వాలి, అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే ఆ ఖర్చు కంపెనీదే. ముందుగా తెలిసిన ఆపరేషన్‌కు 48 గంటల ముందు, అత్యవసర చేరికకు 24 గంటల్లోపు కబురు పంపమని చాలా పాలసీల్లో ఉంటుంది.

పాలసీ కాగితం చేతికొచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇవ్వవచ్చు. కంపెనీ మారాలనుకుంటే రెన్యువల్ తేదీకి 45 రోజుల ముందే కొత్త కంపెనీకి దరఖాస్తు పెట్టాలి, గడిచిన నిరీక్షణ కాలం వెంట వస్తుంది. పాతది రద్దు చేసి కొత్తది కొంటే రాదు.

క్లెయిమ్ కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి, పాలసీలో ఏ క్లాజు కింద కొట్టేశారో అందులో ఉండాలి. మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్చే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం ఆ ఆఫీసు కిందివే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు ఫిర్యాదు చేరాలి. ఐఆర్‌డీఏఐ నంబరు 155255.

కార్డు విషయంలో ఇలాంటి అంబుడ్స్‌మన్ లేడు. 104, జిల్లా సమన్వయకర్త, ఆ తర్వాత కలెక్టరేట్ ప్రజావాణి లేదా అలాంటి ఫిర్యాదుల వేదిక. పథకం వర్తించక డబ్బు కట్టాల్సి వచ్చినవాళ్లకు ముఖ్యమంత్రి సహాయ నిధి ఒక దారి, కానీ అది హక్కు కాదు, ఎంత ఇస్తారో ఎప్పుడిస్తారో ముందు తెలియదు. దానికైనా ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ ఉండాలి. డిశ్చార్జి రోజున హడావుడిలో జిరాక్స్‌లు తీసుకుని ఒరిజినల్స్ ఆసుపత్రిలోనే వదిలేసి వచ్చేవాళ్లు చాలామంది. బస్సెక్కే ముందు ఫైలు తెరిచి ఒకసారి చూసుకోండి.